చాప్టర్ల లెక్కన అమ్మే ఆలోచన ఎవరిది?

ఈ రోజు మా ఆఫీసులో అందరూ శిరీషకి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, కడుపు మండిపోతుంటే.

మాది నోయిడాలో పాఠ్యపుస్తకాలు వేసే సంస్థ. ఈ-బుక్కులు ఎంతకి, ఎలా అమ్మాలో మా వాళ్లకి తేలడం లేదు. ధర తగ్గిస్తే అచ్చుపుస్తకం ఎవరూ కొనరని భయం. తగ్గించకపోతే, కాగితమే లేనిదానికి ఇంతా అని అడుగుతారని భయం.

నిన్న లంచ్‌లో శిరీషకి, ఢిల్లీలో కోచింగ్ తీసుకునే రోజుల్లో మేముండే ముఖర్జీ నగర్ రూము కబుర్లు చెప్పాను. అక్కడ లావుపాటి పుస్తకం ఒక్కటే కొని, బ్లేడుతో మూడు ముక్కలుగా కోసి బైండు చేయించి, ముగ్గురం మార్చుకుని చదివేవాళ్లం. "కావాల్సిన చాప్టరే అమ్మితే ఎంత బాగుండేదో" అని కూడా అన్నాను.

ఢిల్లీలోనే పుట్టి పెరిగిన ఆ తెలుగమ్మాయి ఇవాళ మీటింగులో లేచి, ఈ-బుక్కుల్ని చాప్టర్ల లెక్కన అమ్ముదామంది. బాస్ మురిసిపోయి ఆ పనంతా ఆమెకే అప్పగించాడు.

బయటికొచ్చాక అడిగాను. "నా పేరు చెప్పాలనిపించలేదా?"

"అరే యార్, నువ్వు హాస్టల్ కథలా చెప్పావు! ఐడియా అనుకుంటే నువ్వే చెప్పేదానివి కదా?"

అదీ నిజమే. అందుకే ఇంకా మండుతోంది.

సాయంత్రం మళ్లీ నా సీటు దగ్గరికొచ్చింది. "ఒక్కో చాప్టర్‌కి స్టూడెంట్లు ఎంత ఇస్తారంటావ్?"

"ఏమో, తెలీదు" అన్నాను.

తెలుసు. రేపు మీటింగులో నేనే లేచి చెబుతాను. అప్పటిదాకా మీకూ చెప్పను. కావాలంటే ఊహించి కింద కామెంట్లలో రాయండి, శిరీష ఎలాగూ నా ఫ్రెండ్స్ లిస్టులో లేదు.