గొంతు పోయాక పట్టాభి తీసిన సినిమా

దిల్‌సుఖ్‌నగర్‌లో పాతికేళ్లు పెళ్లి వీడియోలు తీశాడు పట్టాభి. తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఫంక్షన్ హాల్లో ఎంత గోలగా ఉన్నా "అమ్మా, ఇటు చూడండి!" అని ఒక్క కేక వేస్తే పెళ్లికూతురి మేనత్తలతో సహా అందరూ తిరిగేవారు. యాభై రెండో ఏట ఆ గొంతుకే క్యాన్సర్ వచ్చింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసేయాలన్నారు డాక్టర్లు. తీసేశారు.

ప్రాణం దక్కింది గానీ మనిషి ముడుచుకుపోయాడు. గొంతుకు ఆనించి మాట్లాడే చిన్న మెషిన్ ఒకటి ఆసుపత్రిలో ఇచ్చారు. అందులోంచి వచ్చిన గరగర శబ్దం ఒక్కసారి విని, దాన్ని బీరువాలో దాచేశాడు. భార్య ఇందిరాదేవికి కూడా ఏం కావాలన్నా కాగితం మీద రాసి చూపించేవాడు. "పక్కనే ఉన్నాను కదండీ, ఉత్తరాలెందుకు?" అని ఆవిడ నవ్వించబోయేది. ఆయన నవ్వేవాడు కాదు.

నాలుగు నెలల తర్వాత చెకప్‌కు వెళ్తే అక్కడ జానయ్య కనిపించాడు. నల్లగొండ వైపు మనిషి, సైదాబాద్ గల్లీల్లో బండి మీద కూరగాయలు అమ్ముతాడు. అదే జబ్బు, అదే ఆపరేషన్. ఆయన మాత్రం మెషిన్‌ను తాడు కట్టి మెడలో వేసుకుని, వరండాలో కనబడిన వాళ్లనల్లా పలకరిస్తున్నాడు. పట్టాభి చూపు తిప్పుకోలేకపోయాడు. 'మీ బండి వెంట వచ్చి వీడియో తీసుకోనా?' అని రాసి చూపించాడు.

"నాకు సదువు రాదు సార్. ఏందో నోటితోని చెప్పు."

మెషిన్ తేలేదని పట్టాభి చేతులు తిప్పాడు. జానయ్య తన మెడలోది తీసి ఆయన చేతిలో పెట్టాడు. పట్టాభి అటూ ఇటూ చూశాడు. మెల్లగా గొంతుకు ఆనించి, "మీ బండి... వెంట... వస్తా" అన్నాడు.

జానయ్య మెషిన్ వెనక్కి తీసుకున్నాడు. "గింత మంచిగ మాట్లాడుతున్నవ్! ఎందుకు దాసుకున్నవ్?"

పదకొండు పొద్దులు బండి వెంట తిరిగాడు పట్టాభి, తన మెషిన్ తనే పట్టుకుని. గొంతు పోయిన కొత్తలో ఎలా తట్టుకున్నావని అడిగితే, "ఆగు సార్, టమాటలు అమ్ముకోనీ" అన్నాడు జానయ్య. ఆ మాటతోనే సినిమా మొదలైంది. ఏడుపు సంగీతం పెట్టాలనుకున్న పట్టాభి ఆ ఊసే మానేశాడు.

ఆపరేషన్ కాబోయేవాళ్ల కోసం ఆసుపత్రి హాల్లో ఆ పద్దెనిమిది నిమిషాల సినిమా వేశారు. చూస్తున్నవాళ్లలో అండాలమ్మ అనే ఆవిడ ఉంది. మర్నాడు ఆమె భర్తకు అదే ఆపరేషన్. సినిమా అయ్యాక లేచి జానయ్యను అడిగింది: "అన్నా, మా ఆయన మళ్ల నన్ను తిడ్తడా?"

"తిడ్తడు చెల్లె. బ్యాటరీ అయిపోయినంక ఊకుంటడు."

హాలంతా నవ్వులే. ఆమె పక్కనే కూర్చుని, మూడు రోజులుగా నోరు విప్పని భర్త కూడా నవ్వాడు. వెనక నిలబడి చూస్తున్న పట్టాభి కళ్లు తుడుచుకున్నాడు. ఆపరేషన్ ముందు రోజు తనకు ఇలా చూపించినవాళ్లు లేరు. వీళ్లకు ఉన్నారు. దగ్గరికి వెళ్లి జానయ్య చెయ్యి పట్టుకుని, మెషిన్ ఆనించి అన్నాడు: "నువ్వు కలవకపోతే నేనింకా కాగితాలు నింపుతూ ఉండేవాణ్ణి జానయ్యా."