బ్రేకు వెనక బియ్యం బస్తా

ఈ ఆదివారం ఉదయం ఏడుంపావుకు కింద వాటాలో బియ్యం బస్తా దించారు. నేను పై వాటాలో కాఫీ కలుపుకుంటున్నాను. భుజం మీంచి బస్తాను నేలకు జార్చినప్పుడు వచ్చే మెత్తని, బరువైన చప్పుడు మెట్ల మీదుగా పైకి వినిపించింది. నెలనెలా వచ్చే బస్తాయే. కలకత్తాలో ఎన్నేళ్లున్నా బియ్యం మాత్రం మనవైపు నుంచే రావాలనుకునే తెలుగు ఇళ్లు కొన్ని ఉన్నాయి. మా ఇంటివాళ్లది అలాంటి ఇల్లు. నేను కప్పు పక్కన పెట్టి, మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాను. బస్తా ఎక్కడ పెట్టమంటారో వినాలనిపించింది.

ఇంటివాళ్లంటే జోగారావు మావయ్య, అత్తయ్య. మాకు చుట్టరికం లేదు. సాల్ట్ లేక్‌లోని ఆ ఇంట్లో అద్దెకు దిగిన రోజున నేను ఆయన్ని అంకుల్ అని పిలిచాను. "అంకులేటమ్మా, మీ నాన్న నాకు బావ అవుతాడనుకో. మావయ్యా అను" అన్నారు. శ్రీకాకుళం జిల్లా మనిషి. బ్యాంకు ఉద్యోగం మీద ఈ ఊరు వచ్చి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయారు. నాకప్పుడు సెక్టర్ ఫైవ్‌లో కొత్త ఉద్యోగం, ఊళ్లో తెలిసినవాళ్లు లేరు. ఆయన గురించి గొప్పగా చెప్పుకోవలసిన సంగతులేమీ లేవు. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవారు. కూరల బజారుకు సంచీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లేవారు. ఒక పాత అంబాసిడర్ ఉండేది, దాన్ని తనే కడుక్కునేవారు. నాకు కారు నడపడం నేర్పింది ఆయనే. అంతకన్నా ఎక్కువే నేర్పారు కాని, అది నాకు చాలాకాలం తెలియలేదు.

మొదటి పాఠానికి తాళం ఆయన జేబులోనే ఉంది. గేటు ముందు నిలిపిన కారులో నన్ను స్టీరింగు ముందు కూచోబెట్టి, తను పక్కన కూచున్నారు. "తిప్పు" అన్నారు. "ఇంజను స్టార్ట్ చెయ్యరా?" అన్నాను. "ఇంజనుతో నీకేటి పని? తిప్పు." కదలని అంబాసిడర్ స్టీరింగు తిప్పడమంటే నూతిలోంచి నిండు బొక్కెన లాగినట్టే. భుజాలు పట్టేశాయి. దారిన పోతున్న పక్కింటి బెంగాలీ ఆయన ఆగి, "గాడీ ఖారాప్?" అని అడిగారు. "నా దాదా, మేయే శిఖ్‌ఛే" అన్నారు మావయ్య. కారు పాడవలేదు, పిల్ల నేర్చుకుంటోందని. పక్కింటాయన నన్నూ, ఆగి ఉన్న కారునూ చూసి, ఇంకేం అడగకుండా వెళ్లిపోయారు. ఆ వారమంతా అదే పాఠం. ఎందుకని అడిగితే, "ముందు చేతులకి తెలియాలమ్మా. తెలిసాక చెప్పు, తాళం ఇస్తాను" అన్నారు.

తాళం ఇచ్చాక ఇంకో సంగతి బయటపడింది. మలుపు తిరిగిన తరువాత నేను స్టీరింగును బిగబట్టి, బలవంతంగా వెనక్కి తిప్పేదాన్ని. "వదులు. అటు తిప్పింది నువ్వు. ఇటు అదే వస్తాది. దాని దారికి అడ్డు రాకు" అనేవారు. నా అరచేతుల మధ్యగా చక్రం తనంతట తాను జారి తిన్నబడిన మొదటిసారి నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వారు. ఒక్క విషయంలోనే ఆయనతో నాకు విసుగు పుట్టేది. బస్సుకు, ఆటోకు, ఆఖరికి సైకిలు రిక్షాకు కూడా దారి ఇమ్మనేవారు. "తొందరున్నోడు వెళ్తాడు. మనకేటి?" అనేవారు. మనకూ ఆఫీసు ఉందని నేను గొణుక్కునేదాన్ని.

కొన్నేళ్లు గడిచాయి. కారుకు వయసు మించి, నిబంధన ప్రకారం దాన్ని వదులుకోవలసి వచ్చింది. ఆయన మరో కారు కొనలేదు. ఆ తరువాత ఆయనకు పక్షవాతం వచ్చింది, కుడి వైపు. మాట త్వరగానే తిరిగి వచ్చింది. కాలూ దారికొచ్చింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి పిసకమని మెత్తటి పసుపుపచ్చ బంతి ఒకటి ఇచ్చి వెళ్లింది. "చంటిపిల్లడి బంతి నాకెందుకు?" అని ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఈ కొద్ది నెలల్లో చేతికి పని చెప్పకపోతే అలాగే బిగుసుకుపోతుందని ఆ అమ్మాయి అత్తయ్యకు విడిగా చెప్పింది. ఆ మాట చెప్పడానికే ఒక సాయంత్రం అత్తయ్య నా గదికి వచ్చింది. "అన్నం సగం వదిలేస్తన్నారమ్మా. ఎడం చేత్తో చెంచా పట్టుకోవాలి కదా, అందరూ లేచాక కూచుంటారు. ఆకలి లేదంటారు. ఆకలి లేకపోవడమేటి, సిగ్గు" అంది. ముద్దపప్పులో ఆవకాయ కలిపి, ముద్ద ముద్దకూ మెచ్చుకుంటూ తినే మనిషి ఆయన. కంచం ముందు ఎడం చేత్తో చెంచా పట్టుకుని కూచున్న ఆయన్ని నేనూ ఒకసారి చూశాను. చూడనట్టు వెళ్లిపోయాను.

నా గదిలో టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ కన్సోల్ ఒకటి ఉంది. లాక్‌డౌన్ రోజుల్లో కొనుక్కున్నాను. ఒక ఆదివారం మావయ్య గోడ పట్టుకుని, జబ్బు తరువాత మొదటిసారి మెట్లెక్కి వచ్చారు. నేను కార్ల ఆట ఆడుతున్నాను. కాసేపు నా చేతులవైపు చూశారు.

"ఏటిది?"

"కారు రేసు మావయ్యగారూ."

"బొటనవేళ్లతో కారు నడుపుతారేటి? అంబాసిడర్ మీద నేర్చుకున్న దానివి, సిగ్గు లేదూ?"

నెలల తరువాత ఆయన గొంతులో పాత వెటకారం విన్నాను. స్టీరింగు కూడా దొరుకుతుందని చెప్పాను. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "నిజంగా తిరుగుతాదా?" అని అడిగారు.

ఆ వారం నేను ఆఫీసు పని తగ్గించి స్టీరింగుల గురించి చదివాను. నాకు అర్థమైనది ఇంతే. ఒక కన్సోల్‌కు పనికొచ్చే స్టీరింగు ఇంకోదానికి పని చెయ్యదు, కాబట్టి మొదట చూడాల్సింది అది. చవకవాటి లోపల రబ్బరు తాడు ఉంటుంది. ఎటు తిప్పినా లాగిపెట్టి నడిమికి తెస్తుంది, అదీ ముక్కాలు చుట్టుకు మించి తిరగదు. బాగా ఖరీదైనవాటిలో పెద్ద మోటారు ఉంటుంది, కాని అవి ఆటవస్తువులు కావు, ఫ్రిజ్ కొన్నట్టే. మధ్యలో పాత రకం ఒకటుంది. చిన్న మోటారు, పళ్లచక్రాలు, కొంచెం మోత. ఇది రెండు చుట్లు దాటి తిరుగుతుంది, రోడ్డును బట్టి చేతికి బరువు తెలుస్తుంది. ఆ బరువును మనం తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగితే, "తక్కువ బరువుతో మొదలుపెట్టండి. ఆ బంతి కన్నా నయమే, కనీసం ముట్టుకుంటారు" అంది.

ఆయన్ని టాక్సీలో చాందినీ చౌక్ తీసుకెళ్లాను, ఢిల్లీది కాదు, కలకత్తాలోనే ఉన్న ఎలక్ట్రానిక్స్ బజారుకు. దుకాణం నడిపే బెంగాలీ దాదా "మేషోమొశాయ్, బోషున్, బోషున్" అని, బాబాయిగారూ కూచోండంటూ స్టూలు వేశాడు. ముందు రబ్బరు తాడు రకం బల్లకు బిగించాడు. మావయ్య ఎడం చేత్తో తన కుడి చేతిని ఎత్తి చక్రం మీద పెట్టుకున్నారు. రెండు చేతులతో తిప్పి, వదిలి, "ఇది నాకంటే తొందరగా ఇంటికెళ్లిపోతంది. వద్దు" అన్నారు. రెండోది, ఇంతకుముందు ఎవరో వాడి అమ్ముకున్న పళ్లచక్రాల రకం. దాదా కరెంటు తగిలించగానే అది దానంతట అది గిర్రున ఎడమకూ కుడికీ పూర్తిగా తిరిగి మధ్యలో ఆగింది. మొదలయ్యే ముందు అది తన కొలత తను చూసుకుంటుంది. మావయ్య అదిరిపడి చేతులు తీసేశారు.

"ఓరి, ఎవరైనా కూచున్నారేటి ఇందులో?"

మళ్లీ చేతులు వేశారు. లోపల పళ్లు కరకరమన్నాయి. దాదా మొహమాటపడి, ఆవాజ్ కొంచెం ఎక్కువ, అదొక్కటే లోపమని హిందీలో చెప్పాడు. "ఆవాజ్ నహీ తో గాడీ కైసా దాదా!" అన్నారు మావయ్య, చప్పుడు లేకపోతే అది కారెలా అవుతుందని. చక్రాన్ని మెల్లగా తిప్పి వదిలారు. అది ఆయన అరచేతుల మధ్యగా వెనక్కి జారింది. నావైపు చూడలేదు, కాని ఎడం చేత్తో జేబులో పర్సు వెతుక్కుంటున్నారు. ఎవరు కొనాలన్న దాని మీద అక్కడే కాసేపు పోట్లాడుకున్నాం. ఆయనే గెలిచారు.

ఇంట్లో టేకు బల్ల అంచు మందంగా ఉండి బిగింపు పట్టలేదు. నా రాతబల్లను, కన్సోల్‌ను కింది వాటా హాల్లోకి దించాం. టీవీ ఎదురుగా ఆయన్ని కూచోబెట్టి, "తిప్పండి" అన్నాను.

"ఆట పెట్టవేటి?"

"ఆటతో మీకేటి పని? ముందు చేతులకి తెలియాలి."

"నా మాట నాకే అప్పజెప్తావేటే" అన్నారు కాని, తిప్పారు. ఆ వారమంతా నల్లగా ఉన్న టీవీ ముందు కూచుని తిప్పారు. అత్తయ్య వంటింట్లోంచి తొంగి చూసి, "బొమ్మ లేని సినిమా" అని నవ్వుకునేది.

ఆట పెట్టిన రోజు మొదటి మలుపులో ఆయన అంబాసిడర్ బ్రేకు తొక్కినట్టు తొక్కారు. స్టీరింగుతో పాటు వచ్చిన ప్లాస్టిక్ పెడల్స్ మా ఎర్ర గచ్చు మీద జర్రున జారి టీవీ కిందికి పోయాయి. కారు గోడకు కొట్టుకుంది. గోనెపట్టా వేశాం, జారింది. మడిచిన దుప్పటి అడ్డు పెట్టాం, అదీ జారింది. చివరికి అత్తయ్య ఆ పొద్దుటే వచ్చిన బియ్యం బస్తాను వంటింట్లోంచి ఈడ్చుకొచ్చి పెడల్స్ వెనక పడేసింది. "ఇప్పుడు తొక్కండి. శ్రీకాకుళం కదులుతాదేమో చూద్దాం" అంది. కదల్లేదు. అప్పటినుంచి బస్తా చోటు అదే. అన్నానికి బియ్యం కావలసినప్పుడు అత్తయ్య గిన్నె పట్టుకుని హాల్లోకి వచ్చేది. రేసు మధ్యలో ఉంటే ఆగమని ఆయన కేకేసేవారు.

రేసు అన్నాను కాని, ఆయన ఎప్పుడూ ఎవరితోనూ పోటీ పడలేదు. వెనక కారు దగ్గరికి రాగానే పక్కకు తప్పుకునేవారు. "మావయ్యగారూ, ఇది రేసు" అంటే, "అయితే ఏటి? తొందరున్నోడు వెళ్తాడు" అనేవారు. ప్రతిసారీ చివర వచ్చేవారు, ప్రతిసారీ సంతోషంగా వచ్చేవారు. వారం వారం చక్రం బరువు కొంచెం పెంచేదాన్ని. కుడి వేళ్లు మొదట చక్రం మీద ఊరికే ఆనేవి, తరువాత చుట్టుకునేవి. అంతకు మించి నేను పెద్దగా గమనించలేదు. చేతికి ఇచ్చిన గడువు దగ్గర పడుతోందని అత్తయ్యకు, నాకు తెలుసు. ఆయన ముందు ఎవరమూ అనలేదు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం బ్రేకు మళ్లీ జారింది. నెలాఖరులో బస్తా తేలికై పెడల్స్ కొంచెం కదలడం మామూలే. ఆ నెల సగమైనా కాలేదు. నేను వంగి చూస్తే బస్తా బాగా కుంగి ఉంది. అత్తయ్య వచ్చి మూతి విప్పి లోపలికి చూసింది.

"ఎలకలేటి? ఇంత తగ్గిపోయిందేటి?"

"ఎలకలు కాదు" అన్నారు మావయ్య. టీవీ మీంచి చూపు తిప్పలేదు. "మధ్యాహ్నం నువ్వు పడుకున్నాక కుక్కరు నేనే పెట్టుకుంటన్నాను. గిన్నెలోనే కలుపుకుంటన్నాను. సగం నేల పాలవుతంది. ఊడ్చేస్తన్నాను."

అత్తయ్య బస్తా మూతి మళ్లీ కట్టింది. తరువాత, "కిటికీలో పావురాలకి వేస్తన్నది మీరేనా? నేను పనమ్మాయిని అన్నాను కదండీ" అంది. ఆ రాత్రి భోజనానికి నన్నూ కూచోమంది. ఆయన కంచం దగ్గర చెంచా పెట్టలేదు. ఆయన పప్పూ అన్నం కుడి చేత్తో కలిపారు. చాలాసేపు కలిపారు. ముద్ద నోటి దాకా వెళ్లేసరికి కొన్ని మెతుకులు చొక్కా మీద పడ్డాయి. అత్తయ్య మజ్జిగ గురించి ఏదో మాట్లాడుతూ ఉంది, నేను జవాబు చెబుతూ ఉన్నాను. "ఉప్పు తక్కువైంది" అన్నారాయన. ఉప్పు సరిగ్గానే ఉంది.

ఆ తరువాత ఆయన బాగానే ఉన్నారు. చెయ్యి పూర్తిగా రాలేదు కాని, అన్నానికి వచ్చింది, స్టీరింగుకు వచ్చింది. నెల సగం కాగానే బ్రేకు జారేది. అత్తయ్య ఇంకో బస్తా తెప్పించేది, ఖర్చు పెరిగిందని ఎప్పుడూ అనలేదు. పోయిన వానాకాలంలో మళ్లీ జబ్బు చేసింది. ఈసారి ఆసుపత్రి నుంచి రాలేదు.

నేనిప్పుడు నడిపే కారు స్టీరింగు ఒక్క వేలితో తిరుగుతుంది. అయినా మలుపు దాటాక అరచేతులు వదులు చేస్తాను, అది దానంతట అది తిన్నబడేదాకా ఆగుతాను. ఆఫీసులోనూ ఎవరైనా నన్ను దాటి ముందుకు పోవాలని చూస్తే దారి ఇస్తాను. అందువల్ల కొన్ని పోగొట్టుకున్నాను. నిద్ర మాత్రం పోగొట్టుకోలేదు.

ఆదివారం నేను మెట్ల మీద నిలబడి ఉండగా, బస్తా తెచ్చిన మనిషి "కోథాయ్ రాఖ్‌బో, మాషీమా?" అని అడిగాడు. ఎక్కడ పెట్టాలని. అత్తయ్య హాలు వైపు ఒకసారి చూసింది. తరువాత వంటింట్లో పెట్టమంది. రాతబల్ల, స్టీరింగు నా గదిలోకి వచ్చేశాయి. ఇప్పుడు బియ్యం బస్తాను ఎవరూ హాల్లో పెట్టడం లేదు.