రాళ్ళ రాజు గొంతు

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకు చెప్పగలిగితే ఎప్పుడో చెప్పేదాన్ని. పెళ్ళికాని రోజుల నుంచి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తూనే వంట చేశాను, కలుపు తీశాను, పిల్లల్ని పెంచాను, చర్చిలో ముందు వరుసలో కూర్చుని కళ్ళు మూసుకుని కీర్తనలు పాడాను. మోస్తున్నానన్నానని కుమిలిపోయాననుకోకండి. అందరూ తల వంచుకుని ప్రార్థన చేస్తుంటే ఒక్కదానికే నవ్వు ముంచుకొస్తే ఎలా ఉంటుంది? చాలా వరకు అలాంటి బరువే ఇది. కానీ ఆ నవ్వు కింద ఒక మనిషికి నేను చేసిన అన్యాయం ఉంది. ఆమె మా అన్న భార్య, రూతు వదిన. తన పెళ్ళి సంగతి తేల్చుకోవాల్సిన రోజున నన్ను నమ్మి ఒక్క ప్రశ్న అడిగింది. నేను అబద్ధం చెప్పాను.

ముందు గొంతు సంగతి చెప్పాలి. అన్నీ దానితోనే మొదలయ్యాయి.

మాది ఆత్మకూరు దగ్గర పల్లె. కృష్ణా నది దగ్గరే. దగ్గరంటే చూడటానికి దగ్గర. నీళ్ళు కింద పోతాయి, మేము పైన ఉంటాం. బాపు, అంటే మా నాన్న, ఏళ్ళ తరబడి కూలి చేసి సంపాదించుకున్న చెలక, ఆ మెట్ట చేను, రాతి గుండ్ల మధ్యన ఉండేది. ఒక్కో గుండు ఇల్లంత. ఆ చెలకలో పల్లి వేసేవాళ్ళం. కాయ ఊరే వేళకు అడవి పందులు దిగేవి. బడి వదిలాక కాపలా నాది. పిట్టలను తోలడానికి సన్నని కేక చాలు. పందులకు ఆ కేక లెక్కలేదు. వాటికి కడుపు అడుగునుంచి గరగరమంటూ తీసే గొంతు కావాలి. అది నాకెవరూ నేర్పలేదు. ఒకరోజు ముళ్ళపందిలా వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఒక ముసలి పంది ఎదురొచ్చి నిలబడితే, నా నోట్లోంచి ఆ గొంతు దానంతటదే వచ్చింది. పంది పారిపోయింది. నేనూ ఇంటికి పరుగెత్తాను.

మా అన్న పేరు ఏలియా. చర్చిలో గిటారు వాయించేవాడు. ఎనభైల చివర కావచ్చు, పల్లి బస్తాలు లారీకెక్కించడానికి కొత్తకోట పోయినప్పుడు ఒక లారీ డ్రైవరు పేరూ ఊరూ లేని క్యాసెట్టు ఒకటి ఇచ్చాడు. తనకు అది నచ్చలేదట. అన్న దాన్ని అన్వర్‌కు చూపించాడు. అన్వర్ అన్న స్నేహితుడు, ఆత్మకూరు బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసేవాడు. ఇద్దరూ టేప్‌రికార్డరు సైకిలుకు కట్టుకుని చెలకలో మా బావి మోటారు గదికి తెచ్చారు. ముగ్గురం విన్నాం. గిటారు పిండిగిర్ని తిరుగుతున్నట్టు మోగుతోంది. ఎవరో దొర కడుపులోంచి గర్జిస్తున్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. అన్న చాలాసేపు చెవి ఒగ్గి విని తేల్చాడు:

"ఈయన చేన్ల గూడ పందులు పడ్డట్టున్నయి."

మేము దాన్ని నిజంగా నమ్మాం. పాపం దొర, ఎంత కష్టపడుతున్నాడో అనుకున్నాం. తర్వాత అన్వర్ కొట్టుకొచ్చిన ఒక కాలేజీ కుర్రాడు చెప్పాడు, ఇది రాజులూ కత్తులూ రాక్షసులూ ఉన్న కథ అని, క్యాసెట్టు మొదటి నుంచి చివరిదాకా ఒకటే కథ పాడతారని. దాన్ని హెవీ మెటల్ అంటారన్నది కూడా అతనే చెప్పాడు. ఆ సాయంత్రం అన్న, అన్వర్ ఇద్దరూ నా వైపు తిరిగి చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. గిటారు ఉంది. గొంతు ఉంది. ఇక కావాల్సింది కథ. కథ మా చుట్టూరా పడుకుని ఉంది.

చెలకలోని గుండ్లన్నీ ఒకప్పటి సైన్యం. వాళ్ళ రాజు రాళ్ళ రాజు. వెయ్యేళ్ళుగా నిద్రపోతున్నారు. ఒక ఎండాకాలం దాహంతో లేస్తారు. లేచి, పైకెక్కనని మొండికేసిన ఏటిని పట్టి తేవడానికి దండుగా కదులుతారు. ఇదీ మా మొదటి క్యాసెట్టు. అన్న మొదట రాసిన పాట "ఓ శిలలారా, మేల్కొనుడి" అని మొదలయ్యేది. చర్చిలో పెరిగినవాడు, రాజులు అట్లాగే మాట్లాడతారని వాడి నమ్మకం. అన్వర్ నేల మీద పడి దొర్లాడు. "గిట్లంటే మన గుండ్లకు సమజైతదా?" అన్నాడు. అప్పుడు ముగ్గురం కూర్చుని మార్చాం.

లేవుండ్రి గుండ్లారా లేవుండ్రి
పన్నది సాలు, ఇగ లేవుండ్రి
మన దిక్కు సూడని ఏటిని
రెక్కబట్టి గుంజుకొద్దాం పదుండ్రి

దీన్ని పందుల గొంతుతో పాడినప్పుడు నా ఒళ్ళే నాకు ఝల్లుమంది. ఆ సంతోషం ఎలా చెప్పను? ఇంట్లో మెల్లగా మాట్లాడమని, మెల్లగా నడవమని, మెల్లగా నవ్వమని వింటూ పెరిగిన పిల్లను. ఆ గదిలో నేను రాజును. నేను లెమ్మంటే గుండ్లు లేస్తాయి.

కరెంటు ఉన్నంతసేపు మోటారు మొత్తుకునేది కాబట్టి కరెంటు పోతేనే మా పాట. కరెంటు పోయిందని సంబరపడ్డ రైతు కుటుంబం మాదొక్కటే అయి ఉంటుంది. అన్వర్ పాత టెలిఫోనులోని మైకు బిళ్ళను గిటారుకు అతికించి, స్పీకరు చిరిగిన రేడియోకు కలిపితే అది బొంగురుపోయి గర్జించేది. ఖాళీ నూనె డబ్బాలే మా డ్రమ్ములు. ఒకరోజు మా పాట మేమే వింటుంటే టేప్‌రికార్డరు సెల్లు అయిపోవచ్చాయి. టేపు మెల్లగా తిరిగి నా గొంతు ఇంకా కిందికి దిగిపోయింది. ఆడ గొంతని దేవుడికి కూడా అనుమానం రానంతగా మారింది. అన్వర్ ఎగిరి గంతేశాడు. ఆ తర్వాత కాపీలు తీసేటప్పుడు, పాడే టేప్‌రికార్డరులో కావాలనే అరిగిపోయిన సెల్లు వేసేవాడు.

క్యాసెట్టు అట్ట మీద పాడినవారు ఏలియా అని రాశారు. "ఆడపిల్ల గిట్ల అర్సిందని తెలిస్తే నిన్నెవడు చేసుకుంటడే" అన్నాడు అన్న. నన్ను కాపాడటానికే. నేను తల ఊపాను. బాపు చర్చి సంఘ పెద్ద. ఆయన అన్వర్ కొట్టులో ఆ పాట విని ఇంటికొచ్చి అన్నను నిలదీశాడు. అన్న నేనే పాడానన్నాడు. బాపు "గొంతు సైతానుది లెక్కుంది. గుడిల మాత్రం తియ్యకు" అని అన్నానికి లేచాడు. నేను వడ్డిస్తూ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయాను.

రెండో క్యాసెట్టులో ఏటిని పట్టుకొచ్చి పంచాయితీ పెడతారు. అందులో ఏరు కూడా నేనే. పిట్టలను తోలే సన్నని గొంతుతో, "నేను కిందికి పోతే నా తప్పా, మిమ్ముల పైకెక్కి ఎవరు కూసోమన్నరు" అని రాళ్ళ రాజుతో జగడమాడతాను. ఆ రెండు క్యాసెట్లూ జీపుల్లో, లారీల్లో ఊళ్ళు తిరిగాయి. పల్లి బస్తాలు మోసే మా అన్నను చూడటానికి ఎక్కడెక్కడి డ్రైవర్లో ఆత్మకూరులో ఆగేవాళ్ళు.

అలా తిరిగి తిరిగి అది అచ్చంపేట దాకా పోయింది. అక్కడ ఒక దవాఖానాలో నర్సుగా పనిచేస్తున్న రూతు అనే అమ్మాయి సంతకు పోయే జీపులో దాన్ని విన్నది.

తొంభైల మొదట్లో అన్నకు ఆ ఇంటి సంబంధమే వచ్చింది. బాపు, అన్న, నేను చూడటానికి పోయాం. రూతు టీ ఇచ్చి, చేతులు కడుక్కుందువు రమ్మని నన్ను పెరట్లోకి తీసుకుపోయింది. చెంబుతో నీళ్ళు పోస్తూ, ఇటూ అటూ చూసి, మెల్లగా అడిగింది.

"రాళ్ళ రాజు క్యాసెట్ల గొంతు మీ అన్నదేనా?"

"ఎందుకు?"

"సర్కారు బడి పంతులు సంబంధం ఉన్నది నాకు. మా నాయిన దానికే మొగ్గుతున్నడు. గా గొంతు మీ అన్నదైతే నేను మా నాయినకు ఎదురు చెప్త. కాదంటే పంతుల్నే చేసుకుంట, నాకేం ఫికర్ లేదు. నిజం చెప్పు."

"మా అన్నదే, వదినా."

"ఒట్టు?"

"ఒట్టు."

ఒట్టు పెట్టుకోవడం పాపమని ఆదివారం బడిలో పిల్లలకు నేర్పేదాన్ని నేనే. ఇంకా ఏదీ ఖాయం కాకముందే వదినా అని కూడా అనేశాను.

ఎందుకు చెప్పాను? అన్న కోసమని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. లోపల వాడు టీ గ్లాసు పట్టుకుని తాగడం మరచిపోయి కూర్చున్నాడు, అది నిజం. బాపుకు తెలుస్తుందని భయపడ్డాను, అదీ నిజం. కానీ ఆ క్షణంలో నా లోపల పొంగింది భయం కాదే. ఎక్కడో అడవి అంచు ఊళ్ళో ఒక పిల్ల నా గొంతు విని, సర్కారు కొలువున్న మనిషిని కాదని, తండ్రికి ఎదురు తిరగడానికి సిద్ధపడింది. ఆ గొంతు నాది. ఆ గర్వంతో ఉక్కిరిబిక్కిరైపోయాను. ఈ పిల్ల మా ఇంటికి రావాలి, అంతే అనుకున్నాను.

వచ్చింది. రాగానే అన్నను పాడమంది. వాడు నా వైపు చూశాడు. నేను ఇంటి పైకప్పు వైపు చూశాను. "పెండ్లైతే గా గొంతు ఇడ్సిపెడ్తనని ప్రభువుకు మాటిచ్చిన" అన్నాడు. అబద్ధానికి ప్రభువును కూడా లాగాం. ఆమె దాన్ని గౌరవించింది. నాకోసం ఎంత వదులుకున్నాడో అని చుట్టాలందరికీ చెప్పుకుంది. ఇక ఆమె ఇంట్లో ఉండగా నేను ఆ గొంతు తీయలేను. రాళ్ళ రాజు దగ్గరకు ఏరు తనంతట తాను ఎక్కి వచ్చే మూడో క్యాసెట్టు మా తలల్లోనే ఉండిపోయింది.

వాళ్ళ పెళ్ళైన ఏడాదికే, పొద్దు వాలుతుండగా పందులు పడ్డాయి. వదిన మోటారు గది దగ్గరుంది. నేను గట్టు చాటున గడ్డి కోస్తున్నాను. ఆమె అన్నను ముందుకు తోసింది. "మాటిచ్చింది పాటకు గద, పందులకు కాదు గద. తియ్యి" అంది. అన్న చేను మధ్యకు నడిచి, గుండెల నిండా గాలి పీల్చి, పిల్లికూనలాగా అరిచాడు. పందులు తలెత్తి చూసి మళ్ళీ పల్లికాయ తవ్వుకున్నాయి. వాడు గట్టు వైపు చూసిన చూపు చూస్తే నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. గడ్డిలో బోర్లా పడుకుని, కడుపు అడుగునుంచి తీశాను. ఏడాదిగా మూసిపెట్టినదంతా ఒక్కసారిగా వచ్చింది. పందులు ఒకదాని మీద ఒకటి పడుతూ పారిపోయాయి. గుండ్ల మధ్య మోగిన ఆ గొంతు ఎటునుంచి వచ్చిందో దూరంగా ఉన్న వదినకు తెలియలేదు. వదిన చప్పట్లు కొడుతూ పరుగెత్తి అన్న భుజం చరిచింది.

"ఎంత గొంతయ్యా నీది."

నేను గడ్డిలో నుంచి లేవలేదు.

వాళ్ళిద్దరూ సుఖంగానే ఉన్నారు. ఇప్పటికీ ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుని పగలబడి నవ్వుతారు. పెరట్లో ఆమె అడిగిన ప్రశ్న అన్నకు తెలియదు. తన మొహం చూసి ఒప్పుకుందని ఈ వయసులోనూ మీసం దువ్వుతాడు. మరి తప్పెక్కడ ఉంది? బాగానే జరిగింది కదా అని ఎన్నిసార్లు సర్ది చెప్పుకున్నానో. నిజం చెప్పినా ఆమె అన్ననే చేసుకునేదేమో. చేసుకునేది కాదేమో. తేల్చుకోవాల్సింది ఆమె. ఆమె చేతిలోంచి దాన్ని నేను లాక్కున్నాను. పైగా పండగ పండగకూ ఆమె నాకు చీర పెడుతుంటే తీసుకున్నాను, కట్టుకున్నాను.

క్షమాపణ అడగడానికే ఇది మొదలుపెట్టాను. రాస్తూ ఉంటే ఇంకోటి బయటపడింది. ఆ సాయంత్రం గడ్డిలో నాకు ముందుగా కలిగింది పశ్చాత్తాపం కాదు. ఆ మాట నాకు రావాల్సింది కదా అన్న ఉక్రోషం. అప్పటి నుంచీ దాచింది అబద్ధాన్ని ఒక్కదాన్నే కాదు, దీన్ని కూడా. వదినకు చెప్పే రోజు వస్తే తిడుతుంది, తిట్టాలి. మాట్లాడటం మానేసినా నోరెత్తను. కానీ తిట్టి తిట్టి అలసిపోయాక ఒక్కసారి, ఒక్కసారే, నా వైపు తిరిగి "ఎంత గొంతే నీది" అంటే బాగుండునని ఉంది. సిగ్గు లేదా అంటే లేదు.

ఇందాక ఇంట్లో ఎవరూ లేరు. ఈ కాగితం పట్టుకుని, ఆ గొంతు నాది అని ఆ గొంతుతోనే బయటికి అన్నాను. బొంగురుపోయింది, దగ్గు కూడా వచ్చింది. పక్కింటివాళ్ళు ఏమైందని తొంగి చూశారు. ఏం కాలేదు, నేనే అని చెప్పాను.