అక్క వస్తదని చెప్పాను

పంతొమ్మిది వందల అరవైల్లో మా బాపు ఏటా పసుపు అమ్మడానికి నిజామాబాద్ గంజ్‌కు వెళ్తుంటే అక్కా నేనూ వెంటపడేవాళ్లం. గాజులు కొనుక్కుని, రోడ్డు పక్కన ఒక అవ్వ వేసే మిర్చి బజ్జీలు తినేవాళ్లం. అమ్మవారు పోసి అక్క చనిపోయిన మరుసటి ఏడు నేనొక్కదాన్నే వెళ్లాను.

"మీ అక్క ఏది బిడ్డా?" అంది అవ్వ.



"గాజుల దుకాణంల ఉంది, వస్తది" అన్నాను.

అవ్వ నాలుగు బజ్జీలు విడిగా పొట్లం కట్టి, "సల్లగైతయి, జల్ది తినుమను" అని చేతిలో పెట్టింది.

ఆ పొట్లం పట్టుకుని గాజుల దుకాణం ముందు నిలబడ్డాను. బేరమాడుతున్న ఆడవాళ్లందరూ వెనక నుంచి అక్కలాగే ఉన్నారు. బాపు వచ్చి చెయ్యి పట్టుకునేదాకా కదల్లేకపోయాను.

తర్వాత ఎన్నిసార్లు గంజ్‌కు వెళ్లినా ఆ అవ్వ కంటపడకుండా తిరిగాను. మళ్లీ అడుగుతుందేమోనని భయం.