రెండో వైరు లేని గిటార్లు

మా బావకు భయం ఎక్కువ. ఈ మాట నేను చాటుగా అనేది కాదు, మొహం మీదే అంటాను, ఆయన కూడా కాదనడు. ఇంటికి తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్ళి, తాళం సరిగ్గా పడిందో లేదోనని వెనక్కి వచ్చే మనిషి. బస్సెక్కితే డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, అతను ఎప్పుడు ఆవులిస్తాడా అని కాపలా కాస్తాడు. అక్కను పెళ్ళి చేసుకున్న కొత్తలో, మా మేడ మెట్లకు ఒక పక్క గోడ లేదని, రెండో పక్క గోడకు బల్లిలా అతుక్కుని దిగాడు. నేను పడీపడీ నవ్వాను.

"నవ్వవే మరదలా, నవ్వు. కాలు జారితే తెలుస్తుంది" అన్నాడు, కింద మెట్టు మీద కాలు పెట్టాక.

అలాంటి మనిషి చేసేది బస్సులకు బాడీ కట్టే పని. షెడ్డులోకి బస్సు వచ్చేటప్పుడు ఇంజనూ చక్రాలూ తప్ప ఏమీ ఉండవు. దాని మీద ఇనుప చట్రం లేపి, అల్యూమినియం రేకు తొడిగి, రివెట్లు కొట్టి, దీపాలు పెట్టి పంపిస్తారు. అదే షెడ్డులో ఒక మూల కుట్టుమిషను పెట్టుకుని నేను సీట్లకు రెక్సిన్ కవర్లు కుడతాను. సుత్తి మోతలో పగలంతా గడిపి ఇంటికి వెళితే, ఇంట్లో వాళ్ళు మెల్లగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. అన్నిటికీ జంకే బావ రేకు దగ్గర మాత్రం పులి. వేలి కణుపుతో ఒక్కసారి తట్టి, ఆ చప్పుడును బట్టి ఎక్కడ బిగిసిందో, ఎక్కడ వదులైందో చెప్పేస్తాడు.

మా అక్క సాయంత్రాలు ఒక హోటల్లో గిటారు వాయిస్తూ పాడేది. ఆ హోటలు నది ఒడ్డున ఉంది. పాటలు వెనక వరండాలో. అక్కడి చెమ్మకు చెక్క గిటారు ఏదీ ఏడాదైనా నిలవలేదు. ముందు పొట్ట ఉబ్బేది, తర్వాత అతుకు విడేది. జిగురు పెట్టి కట్టు కట్టి ఎన్నిసార్లు బాగుచేయించినా మళ్ళీ అదే తంతు. ఒకరోజు దాన్ని ఒళ్ళో పెట్టుకుని అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బావ ఆ విడిన అతుకులోకి గోరు పెట్టి చూశాడు.

"ఏళ్ళ తరబడి వానలో నానే బస్సుకి ఏమీ కాదు. దీనికి మాత్రం చెక్కే ఎందుకట?" అన్నాడు.

"రేకుతో చెయ్యి బావా, చెయ్యి. పక్కన ఒక కండక్టరు సీటు కూడా పెట్టు, నేను కవరు కుట్టిపెడతాను" అన్నాను.

నేను వేళాకోళానికి అన్నాను. ఆయన నిజంగానే చేశాడు. మొదటిది వాయిస్తే డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు ఉంది. మందం రేకు వేస్తే మూగబోయేది, పల్చటిది వేస్తే గడగడలాడేది. ఎన్ని పాడుచేశాడో లెక్కలేదు. చివరికి ముందు పలకను పల్చటి రేకుతో, కొంచెం ఉబ్బెత్తుగా సుత్తితో సాగదీసి, బస్సు టాపుకి వేసినట్టు లోపల సన్నటి పట్టీలు వేశాడు. మెడ మాత్రం చెక్కదే ఉంచాడు. అక్క మీటింది. ఆ శబ్దం వెంటనే ఆగిపోలేదు, గదిలో అలాగే కాసేపు నిలబడింది. బావ చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకు గర్వం వస్తే అంతే, చెవులకు ఎక్కుతుంది.

హోటల్లో విన్నవాళ్ళు అడిగారు. తనకొకటి చేసిపెట్టమని ఒక సంగీతం పంతులమ్మ వచ్చింది. అక్క తోటి వాద్యగాళ్ళిద్దరు వచ్చారు. సరుకు పడవల మీద వంట చేసే ఒకాయన, నీళ్ళ మీద చెక్క గిటారు ఆగదని చెప్పి, ఒకటి పట్టుకుపోయాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. అందరికీ వినిపించాలంటే గిటారు శబ్దాన్ని పెద్దది చేసే బాక్సుకి కలపాలి. అందుకు గిటారు లోపల పికప్ అని చిన్న ముక్క ఒకటి బిగిస్తారు. దానికి రెండు వైర్లు ఉండాలి. బస్సులో అయితే ఏ దీపానికైనా లాగేది ఒక్క వైరే. రెండో వైరు పని బస్సు బాడీ చేస్తుంది. కరెంటు వైరులో వచ్చి, దీపంలోంచి బాడీలోకి దిగి, బాడీ వెంట బాటరీకి తిరిగి వెళ్ళిపోతుంది. బాటరీ కరెంటు కాబట్టి ముట్టుకున్నా ఎవరికీ ఏమీ కాదు. మా షెడ్డులో అందరూ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఇలాగే చేస్తున్నారు. బావ గిటారుకీ అలాగే చేశాడు. ఒక వైరు లాగాడు, రెండోదాన్ని రేకుకి అతికేశాడు. తాళం పడిందో లేదోనని వెనక్కి వచ్చే మనిషికి, ఇక్కడ మాత్రం వెనక్కి తిరిగి చూడాలని తోచలేదు.

"ఏవండీ, పాడుతుంటే మైకు పెదవికి తగిలినప్పుడు చీమ కుట్టినట్టు ఉంటోంది" అంది అక్క ఒకరోజు.

"శ్రుతి తప్పినప్పుడల్లా కుడుతోందేమో" అన్నాడు బావ. నవ్వుకున్నాం. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే నా ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ రోజు పొద్దుటి నుంచీ ఒకటే వాన. బస్సులో స్పీకర్లు బిగించడానికి సౌండాయన షెడ్డుకి వచ్చాడు. ఊళ్ళో పాటల బాక్సులన్నీ బాగుచేసేది ఆయనే. బల్ల మీద సగం పూర్తయిన గిటారు ఉంటే బావ మురిసిపోతూ చూపించాడు. సౌండాయన లోపలికి తొంగిచూసి, వైరు ఎక్కడికి వెళ్ళిందో వేలితో వెతికాడు. ఆయన మొహంలో నవ్వు పోయింది.

"దీన్ని ఏ బాక్సుకి పెడుతున్నారు?"

"హోటల్లో ఉంది కదా, దానికే."

"ఆ పాతదానికా? దాని ప్లగ్గుకి రెండు కాళ్ళేనన్నా, ఎర్తు లేదు. అందులో కరెంటు లీకైతే తిన్నగా ఈ రేకులోకే వస్తుంది. చెక్కదైతే తీగల వరకే, చెయ్యి విదిలించుకోవచ్చు. దీన్ని గుండెకి అదుముకుని వాయిస్తారు. అటు నుంచి మైకు మూతికి తగిలిందనుకో, ఆ కరెంటు గుండెలోంచే మైకులోకి దిగుతుంది."

నా చేతిలో రెక్సిన్ ముక్క ఎప్పుడు కింద పడిందో తెలియదు. బావ బయట వానకేసి చూస్తున్నాడు. అక్క హోటలుకి బయల్దేరి చాలాసేపైంది. ఫోన్ చేశాను. వాయించేటప్పుడు దాని ఫోను సంచిలో ఉంటుంది. మోగి మోగి ఆగిపోయింది.

"ఆవిణ్ణి ముట్టుకోకండి, ముందు ప్లగ్గు పీకండి" అని సౌండాయన వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు. నేను స్కూటరు తీశాను, బావ వెనక ఎక్కాడు. నా బండెక్కితే దారి పొడుగునా "మెల్లగా, మెల్లగా" అని ప్రాణం తీసే మనిషి, ఆ రోజు నా భుజం పట్టుకుని "ఇంకా తొందరగా పోనియ్యవే" అన్నాడు. ఆ మాటకి నాకు ఇంకా భయం వేసింది.

వరండాలోకి జల్లు కొడుతోంది. నేలంతా తడి. అక్క వేదిక మీద కుర్చీలో కూర్చుని పాడుతోంది. వాయించేటప్పుడు చెప్పులు విప్పేయడం దానికి అలవాటు. తడి నేల మీద దాని వట్టి పాదాలు కనిపించాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. గట్టిగా పిలవబోతే బావ నా నోరు మూశాడు. ఉలిక్కిపడితే ముందుకు వంగుతుంది, మైకు పట్టుకుంటుంది.

దాని పెదవికీ మైకుకీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం ఉంటుందేమో. పల్లవి వచ్చినప్పుడల్లా దగ్గరికి జరుగుతుంది, చరణంలో వెనక్కి వస్తుంది. నేను ఆ ఎడాన్నే చూస్తూ నిలబడ్డాను. బావ మోకాళ్ళ మీద వేదిక వెనక్కి పాకాడు. అక్కడ వైర్లన్నీ చిక్కుపడి ఉన్నాయి. ఏది దేనిదో తెలియక, దొరికినవన్నీ రెండు చేతులతో పట్టుకుని పీకేశాడు. దీపాలు కూడా ఆరిపోయాయి. జనం ఈలలు వేశారు.

అక్క వెనక్కి తిరిగి చూసింది. మొగుడు వైర్లు ఒళ్ళో వేసుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమైందండీ మీకు? మతిగానీ పోయిందా?"

సౌండాయన అన్నది నేను చెప్పాను. అక్కను దూరంగా కూర్చోబెట్టాక, హోటలు ఎలక్ట్రీషియను బాక్సుకి మళ్ళీ ప్లగ్గు పెట్టి, గిటారు రేకుకి టెస్టరు ఆనించాడు. అది వెలిగింది. ఏదో మినుకుమినుకుమని కాదు, ఇంట్లో స్విచ్చుబోర్డులో పెడితే ఎలా వెలుగుతుందో అలా వెలిగింది. అక్క తన పెదవి తడుముకుంటూ ఉండిపోయింది.

పంతులమ్మ దగ్గరికీ, తోటి వాద్యగాళ్ళ దగ్గరికీ మర్నాడే పరిగెత్తాం. సౌండాయన పక్కన కూర్చుని చెబితే బావ రేకుకి అతికిన వైరు తెంపేసి, విడిగా రెండో వైరు లాగి, పికప్‌ను రబ్బరు మీద కూర్చోబెట్టాడు. అవి బాగుపడ్డాయి. మిగిలింది పడవ వంటాయన. ఆయన ఊరు తెలియదు, ఫోన్ నంబరు అడిగి పెట్టుకోలేదు. రేవుకి వెళ్ళి అడిగితే, "వంటవాళ్ళు చాలామంది ఉంటారు. మీకు ఏ పడవ వంటవాడు కావాలి?" అన్నారు.

ఆ తర్వాత బావకి కంటి మీద కునుకు లేదు. పేపర్లో కరెంటు షాకు అని కనిపిస్తే ఊరిపేరు, మనిషి వయసు చదివి, అప్పుడు ఊపిరి పీల్చుకునేవాడు. షెడ్డులో ఫోను మోగితే సుత్తి గాల్లో ఆగిపోయేది. గిటారు రేకులన్నీ తుక్కులో పడేశాడు. రేవుకి మాత్రం వెళ్ళడం మానలేదు. నేను ఆయన్ని ఏడిపించడం మానేశాను. ఎక్కడో ఒక మనిషి ఆ రేకును గుండెకు హత్తుకుని కూర్చుంటాడని తలుచుకుంటే, అన్నం తింటున్నా ముద్ద దిగేది కాదు.

ఒక మధ్యాహ్నం నేను మిషను దగ్గర దారం ఎక్కిస్తున్నాను.

"అన్నా, గుర్తున్నానా?" అని గుమ్మంలో ఎవరో అన్నారు.

పడవ వంటాయనే. నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నవ్వుతూ నిలబడ్డాడు. బావ సుత్తి కింద పెట్టి, ఆయన రెండు భుజాలూ పట్టుకుని, బతికే ఉన్నాడని నమ్మకం కుదరనట్టు పైనుంచి కిందికి చూశాడు. నాకు గుండెల మీంచి బరువు దిగింది. తీరా చూస్తే ఆయన చేతులు ఖాళీగా ఉన్నాయి.

"ఇంకోటి చేసిపెట్టాలన్నా. ఆ గిటారులో ప్రాణం ఉంది. ముట్టుకుంటే జివ్వుమంటుంది! మా పడవలో అందరూ ఒక్కసారైనా పట్టుకుని చూడాల్సిందే."

"అది ఎక్కడుంది?" అన్నాడు బావ.

"మా అమ్మాయి లాగేసుకుంది, పాత బాక్సుతో సహా. సెలవులు కదా, పొద్దస్తమానం దాంతోనే. పాటలు కూడా పాడుతోందని నిన్ననే మైకు కొనిచ్చాను."

బావ మొహం పాలిపోయింది. "ఫోన్ చెయ్యి" అన్నాడు.

"ఎందుకన్నా?"

"ముందు ఫోన్ చెయ్యి!" బావ అంత గట్టిగా అరవడం నేను ఎప్పుడూ వినలేదు. షెడ్డులో సుత్తులన్నీ ఆగిపోయాయి.

వంటాయన బిత్తరపోయి నంబరు నొక్కాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. "తలంటుకుంటున్నట్టుంది. ఆ తడి తలతోనే వచ్చి గిటారు పట్టుకుంటుంది, దానికదేం పిచ్చో" అన్నాడు, ఇంకా నవ్వుతూనే. బావ ఆయన చేతిలోంచి ఫోను లాక్కుని మళ్ళీ నొక్కాడు.

ఈసారి ఎత్తింది. బావ ఫోను నా వైపు చాచాడు. నేను ఫోను తీసుకున్నాను.

"అమ్మా, గిటారు ఎక్కడుంది?"

"ఒళ్ళో ఉంది. ఎవరండీ మీరు?"

"బాక్సు స్విచ్చు వేశావా?"

"ఇంకా లేదు. మైకు ఇప్పుడే పెట్టుకున్నాను, వెయ్యబోతుంటే మీ ఫోను..."

"వెయ్యకు తల్లీ. చెయ్యి వెనక్కి తీసుకో. గిటారు మంచం మీద పెట్టేసి, ప్లగ్గు పీకేసి, దూరంగా వచ్చి నిలబడు. ఎందుకో తర్వాత చెబుతాను."

ఏదో కదిలిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు.

"తీసేశానండీ. నాన్న ఏరీ?"

బావ నేల మీద కూలబడి, వంటాయన చెయ్యి పట్టుకుని, వెక్కుతూ వెక్కుతూ ఆ వైరు సంగతి చెప్పాడు. వంటాయన వింటూనే ఉన్నాడు. నవ్వు ఆయన మొహం మీద కాసేపు అలాగే ఉండిపోయి, తర్వాత పోయింది. నేను ఫోను ఇస్తే రెండు చేతులతోనూ పట్టుకుని చెవికి ఆనించుకున్నాడు.

"ఏం లేదమ్మా" అన్నాడు. "ఏమీ కాలేదు. నువ్వు మాట్లాడుతూ ఉండు. ఏదో ఒకటి, ఆపకుండా మాట్లాడుతూ ఉండు."