పంపిన మాట పోయిందా?

అమీర్‌పేటలో నాకు సీ లాంగ్వేజ్ నేర్పిన సార్ పోయారని మా బ్యాచ్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. బేగంపేట ఆఫీసులో అప్పుడే టిఫిన్ బాక్స్ విప్పుతున్నాను. మూత మళ్లీ పెట్టేశాను. ఏడుపు కంటే ముందు భయమేసింది. ఎందుకో చెబుతాను.

హాస్టల్ బోర్డుల మధ్య ఇరుకు మెట్లెక్కితే రెండో అంతస్తులో ఆయన క్లాసు. గుంటూరు నుంచి వచ్చిన నాకు అన్నిటికీ తొందరే. ఆయనకి తొందరంటే చిరాకు. క్లాసయ్యాక పంజాగుట్ట స్టాపు దాకా వచ్చి ఆడపిల్లల్ని బస్సెక్కించి, బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడేవారు. "ఎక్కాం కదా సార్, మీరు వెళ్లండి" అంటే, "ఎక్కుడు వేరే, పోవుడు వేరే బిడ్డా" అనేవారు. మేం కిటికీలోంచి చూసి నవ్వుకునేవాళ్లం.

పాఠంలోనూ అదే గోల. కంప్యూటర్ నుంచి కేబుల్లో మెషిన్‌కి ఏదైనా ఆర్డర్ పంపితే అది వెంటనే పోదు, వరసలో నిలబడుతుంది. అటునుంచి వచ్చినవీ మనం చదివేదాకా అలాగే ఉంటాయి. టీసీఫ్లష్ అని ఒక్క లైను రాస్తే, వచ్చేవైపైనా పోయేవైపైనా మనం చెప్పినవైపు నిలిచిందంతా మాయం.

"వచ్చిన చెత్త పారెయ్. నువ్వు పంపింది మాత్రం పోయేదాక ఆగు. లేకుంటే అది సుత గాయబ్. ఎర్రర్ సుత రాదు."

కిందటి నెల చాయ్ తాగుతూ నేను రాసిన ప్రోగ్రామ్ ఆయనకి చూపించాను. రేకుల్ని గిన్నెలుగా ఒత్తే, మా ఆఫీసు అప్పటికే అమ్మేసిన ప్రెస్ మెషిన్లది. ఆయన వేలు ఒకచోట ఆగింది.

"స్టాప్ పంపినవ్. ఎంటనే రెండు దిక్కులా ఫ్లష్ కొట్టినవ్. స్టాప్ పోయిందా, చూసినవా?"

"వంద సార్లు టెస్ట్ చేశాం సార్. ఆగుతోంది."

"వరస ఖాళీగ ఉంటే ఆగుతది. నిండితే? గాడ చేతులు పెట్టేటోళ్లు ఉంటరు బిడ్డా. జర మార్చు."

సరేనన్నాను. మార్చలేదు. నా పొగరు తగలెయ్య!

మెసేజ్ చూడగానే ఆ వేలే గుర్తొచ్చింది. ఆ మెషిన్ ఒకటి నడుస్తున్న బోరబండ షెడ్డుకి ఫోన్ చేశాను. సూపర్‌వైజర్ తీరిగ్గా చెప్పాడు. "మస్తు నడుస్తుంది మేడమ్. రెండు మూడు సార్లు స్టాప్ నొక్కితే ఆగలే. మళ్ల నొక్కినం."

అతని వెనక ధడ్, ధడ్‌మని ప్రెస్ పడుతూనే ఉంది.

"మెయిన్ స్విచ్ దించెయ్ అన్నా!" ఆఫీసంతా తిరిగి చూసేలా అరిచాను. ఆ చప్పుడు ఆగాకే ఫోన్ పెట్టేశాను.

ఆ మధ్యాహ్నమే ఫ్లష్ వచ్చేవైపుకే ఉంచి, స్టాప్ పోయేదాకా ఆగే లైను పెట్టాను. షెడ్డుకెళ్లి ఎక్కించి, నా చేత్తో నొక్కి చూశాకే సార్ చివరిచూపుకి వెళ్లాను. ఆలస్యమైనందుకు ఆయన తిట్టరని తెలుసు.

కానీ అలాంటి మెషిన్లు రెండు అమ్మాం. రెండోది కొన్నాయన షెడ్డు మూసేసి దాన్ని ఎవరికో ఇచ్చేశాడట. వాళ్లెవరో, ఎక్కడుంటారో ఆయనకే గుర్తులేదు. నేను రాసిన తప్పుతో అది ఎక్కడో నడుస్తోంది.

ఇప్పుడు ఏ సందులో ప్రెస్ చప్పుడు వినబడినా వెళ్లి తలుపు కొడుతున్నాను. తీయకపోతే ఆ చప్పుడు ఆగేదాకా బయటే నిలబడుతున్నాను.