చీమల బారు అంచు

ఈ వానాకాలం, ఇప్పుడు నేనుండే ఖానాపురం హవేలిలో మా పక్కింటివాళ్ళు పిల్లవాడి స్వెటర్‌ను పిట్టగోడ మీద ఆరేసి మరచిపోయారు. రెండు రోజులు ముసురులో నానిన ఆ ఉన్ని వాసన మా వంటింట్లోకి రాగానే గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చిన్ననాటి వాసనలకు మనుషుల కళ్ళు చెమ్మగిల్లుతాయంటారు. నాకు పళ్ళు బిగుసుకున్నాయి.

కొత్తగూడెం నుంచి పర్ణశాల వైపు పోయే దారిలో, అడవికి ఆనుకుని ఉండేది మా ఊరు. మేము కురుమలం. తాత మల్లయ్య గొంగళ్ళు నేసేవాడు, నాయనమ్మ ఉన్ని వడికేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు తొమ్మిదో పదో ఏళ్ళు. ఎండలు ముదిరి ఇప్పపూల వాసన ఊరంతా తిరిగే రోజుల్లో గొర్రెలను వాగులో కడిగి ఉన్ని కత్తిరించేవారు. ఆ నల్ల ఉన్నిని ఏకి, వడికి, పడుగు పోసి, వేయించి నానబెట్టి రుబ్బిన చింతగింజల గంజి పట్టించి ఆరబెడితే, ఇంటి ముందంతా పులుపూ కమురూ గొర్రెల కంపూ కలిసిన వాసన లేచేది, ఆ వాసనలోనే కూర్చుని జొన్నగట్క తినేవాళ్ళం, మిగిలిన చింతగింజలు పగలగొట్టి అష్టాచెమ్మా ఆడేవాళ్ళం.

తాత గొంగడి అంచులో తెల్ల ఉన్నితో రెండు వరసల చుక్కలు ఉండేవి. దాన్ని చీమల బారు అనేవాళ్ళం. ఆ చుట్టుపక్కల నేసేవాళ్ళలో ఒక్కో ఇంటికి ఒక్కో అంచు ఉండేది, ఒక ఇంటి అంచు ఇంకో ఇంటివాళ్ళు ముట్టుకునేవారు కాదు, చదువు రానివాళ్ళు కూడా అంచు చూసి ఇది ఫలానా వాళ్ళ నేత అని చెప్పేవారు. మా చీమలు మూల దగ్గర ఎక్కడా తెగకుండా మలుపు తిరిగేవి, అదే మా పనితనం. ఆ పోగుల లెక్క నాయనమ్మ నోట్లో ఉండేది. ఆమె వడుకుతూ వరసగా చెబుతుంటే తాత నేసేవాడు, విని విని నాకూ వచ్చేసింది. సంతలో కొనేవాళ్ళు గొంగడిని నలుగురు నాలుగు మూలలా పట్టుకుని మధ్యలో కడివెడు నీళ్ళు పోసి చూసేవారు. తాత గొంగడి నుంచి చుక్క జారేది కాదు. పోనుపోను చీమల బారు కనబడితే చాలు, నీళ్ళు పోసి చూడడం కూడా మానేశారు.

ఆ నమ్మకం మీద చిన్నతాత కన్ను పడింది. ఆయన తాతకు సొంత తమ్ముడు, వేరే మగ్గం పెట్టుకున్నాడు. అంచు ఇంటిది కాబట్టి వేసుకునే హక్కు ఆయనకూ ఉంది, మూల తిప్పడం మాత్రం రాదు. ఆయన చీమలు మూలకు రాగానే దారి తప్పేవి. మిల్లు నూలు కలిపి, గంజి సరిగా పట్టించకుండా, హడావిడిగా నేసి అమ్మడం మొదలుపెట్టాడు.

వానలు పడుతున్న ఒక సోమవారం సంతలో, అడవి ఊరి ముసలాయన ఒకాయన తడిసిన గొంగడిని తెచ్చి తాత ముందు పెట్టాడు.

“మనవరాలికి కప్పి వాగు దాటించిన మల్లయ్యా. మా ఊర్ల తిరిగి అమ్మెటోని కాడ చీమలు చూసి కొన్న, నీళ్ళు పొయ్యలె. పిల్ల తడిసి జరమొచ్చి పడ్డది.”

అందులో కోపం కూడా లేదు. తాత మూల తిప్పి చూశాడు. నేనూ చూశాను, చీమలు తెగి ఉన్నాయి. నాలుగడుగుల దూరంలోనే చిన్నతాత తన గొంగళ్ళు పరుచుకుని కూర్చున్నాడు. ఒక్క మాట చాలు. కానీ మా వాళ్ళలో అంచుకు ఇంటి పెద్దే జవాబు చెప్పాలి. పదిమందిలో ‘ఇది నాది కాదు’ అంటే తమ్ముణ్ణి ఇంట్లోంచి వెళ్ళగొట్టినట్టే లెక్క.

“అవ్, నాదే. తప్పయింది,” అన్నాడు తాత. తన భుజం మీది గొంగడి తీసి ముసలాయనకు కప్పాడు.

చిన్నతాత తల వంచుకుని బీడీ ముట్టించుకున్నాడు. అది చివరిదాకా కాలేవరకూ ఆయన ముఖమే చూస్తూ నిలబడ్డాను. ఎన్నో క్షమించాను గానీ ఆ బీడీని ఈ రోజుకూ క్షమించలేదు.

మల్లయ్య నేత చెడిందన్న మాట ఊళ్ళన్నీ తిరిగింది. ఆ వానలు వెలిసేలోపే తాత మగ్గం గుంటలోకి దిగడం మానేశాడు. చిన్నతాత మాత్రం అదే అంచుతో పర్ణశాల వచ్చే యాత్రికులకు అమ్ముకున్నాడు. తడిసినా వాళ్ళు వెనక్కి వచ్చి అడగరు కదా. మా కులదేవుడు బీరప్ప పండుగకు ఏమీ ఎరగనట్టు మా ఇంటికే వచ్చి, పరమాన్నం రెండోసారి అడిగి వేయించుకున్నాడు. నేను బయట ఆయన చెప్పుల్లో పల్లేరుకాయలు వేస్తుంటే నాయనమ్మ చూసింది. వీపు పగిలిందనుకున్నాను.

“గట్ల పైన ఏస్తే కనబడ్తయ్ బిడ్డా. కాలి ఏళ్ళ కాడికి నూకు,” అంది.

ఆయన కుంటుకుంటూ పోవడం ఇద్దరం గడపలో నిలబడి చూశాం. అంత కమ్మటి పండుగ నాకు మళ్ళీ రాలేదు. కానీ పల్లేరుముల్లు రెండు రోజుల్లో మానుతుంది, తాతకు వచ్చిన చెడ్డపేరు మానలేదు. రెండేళ్ళకు ఆ పేరుతోనే పోయాడు.

ఇప్పుడు మా వైపు ఉన్ని గొర్రెలే లేవు, అన్నీ మాంసానికి పెంచే బొచ్చులేని గొర్రెలు. మగ్గం గుంటలు పూడిపోయాయి, చింతగింజల గంజి కాచే ఇల్లు ఒక్కటీ లేదు. పోయిన నెల చిన్నతాత కొడుకు, మా బాబాయి, షేర్ ఆటో దిగి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. తన కొడుకు మళ్ళీ నేత పట్టాడట, ఎక్కడి నుంచో నల్ల ఉన్ని తెప్పించాడట, మంచం పట్టిన చిన్నతాతను అడిగితే మూల తెలియదన్నాడట.

“మీ నాయనమ్మ పోయినంక గా లెక్క నీకొక్కదానికే ఎరుక బిడ్డా. నువ్వు చెప్తే మన ఇంటి పేరు నిలవడ్తది,” అన్నాడు.

చాయ్ ఇచ్చాను. “ఆ దినం సంతల మీ నాయన ఎందుకు నోరు తెరవలె?” అని అడిగాను.

“గదంత ఇప్పుడెందుకు బిడ్డా,” అని చాయ్ కప్పులోకి చూశాడు.

“యాది లేదు బాబాయి. మర్చిపోయిన,” అన్నాను.

ఆయన మెట్లు దిగి మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడి, మొదటి పోగు నుంచి మూల దాకా, మూల తిరిగి మళ్ళీ మొదటి దాకా లెక్క చెప్పుకున్నాను. ఒక్క పోగు తప్పలేదు. వెనక నుంచి మా అమ్మాయి, “ఏంది మమ్మీ, ఏం లెక్కపెడ్తున్నవ్?” అంది.

ఏమీ లేదన్నాను. దానికి కూడా నేర్పను.